మట్టివైపు గోడ

ఆ ఊళ్ళో ఉతికిన బట్ట ఆరాలంటే ఉతికిన మనిషికి చాలా ఓపిక ఉండాలి. వాన లేని రోజున కూడా గాలిలో తడి ఉంటుంది. డబ్బాలో ఉప్పు ముద్దకడుతుంది. బీరువా తలుపులు ఉబ్బిపోయి మూసుకోమని మొండికేస్తాయి. నాలుగు రోజులు తొడగని చెప్పుల మీద బూజు మొలుస్తుంది. ఇలాంటి చోట గోడలకు రంగులేసేవాడికి పనికి కొదవేముంటుంది? మన పెయింటరుకు మూతి మీద మీసం రాకముందు నుంచీ చేతినిండా పనే.

ఆయన పనితనం ఎలాంటిదని వీధిలో ఎవరినడిగినా ఒకటే చెబుతారు. ఆయన చెయ్యి పడ్డాక మచ్చ ఎక్కడుండేదో ఇంటివాళ్ళే వెతుక్కోవాలట. ఇల్లు అద్దెకివ్వాలన్నా, అమ్మకానికి పెట్టాలన్నా, గొప్పింటి చుట్టాలు దిగబోతున్నారన్నా ముందు ఆయనకే కబురు వెళ్ళేది. ఆయన వచ్చి, పెచ్చులూడిన చోట గీకి, లప్పం పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, పైన రెండుసార్లు రంగు వేసి, దూరంగా నిలబడి తల ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ వంచి చూసుకునేవాడు. మచ్చ మళ్ళీ రాదుగదా అని ఎవరైనా అడిగితే, వస్తే మళ్ళీ నేనూ వస్తానుగా అని నవ్వేవాడు. అందులో మోసం ఉందని ఆయనెన్నడూ అనుకోలేదు. పిలిచినవాళ్ళూ అనుకోలేదు. చెమ్మ అంటే అక్కడ జలుబులాంటిది, ఎవరింటికి రాదు గనక!

ఆయన ఇల్లు ఏటవాలు మీద ఉంది. పై వీధి వైపు చిన్న ముంగిలి, అక్కడి నుంచి నిటారుగా మెట్లు. మెట్లెక్కితే ఒక గది, ఒక వంటిల్లు, రెంటికీ మధ్య హాలు అని గౌరవంగా పిలుచుకునే ఓ ఇరుకు జాగా. ఆ ఇంటి కింద, హాల్లోంచి లోపలి మెట్లు దిగితే, సెల్లారు. దాని ఒక గోడ పై వీధి మట్టిని ఆనుకుని ఉంటుంది. దానికి ఎదురుగా మాత్రం కింది సందులోకి తలుపు ఉంది, ఒక్క మెట్టయినా లేకుండా. సెల్లారులో ఆయన నిచ్చెనలు, ఎండిపోయిన రంగు డబ్బాలు, ఎప్పటికైనా పనికొస్తాయని ఆయన దాచిన పాత తలుపులు, ఎప్పటికీ పనికిరావని ఆవిడకి తెలిసిన మరికొన్ని సామాన్లు ఉండేవి. ఆవిడంటే ఆయన భార్య. బజారులో కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. పిల్లల్లేరు. ఆవిడకి చూపు ఎక్కువ, మాట తక్కువ. ఆయన సంగతి సరిగ్గా దానికి తిరగేసి.

ఇక మిగిలింది అక్క. తల్లి పోయేనాటికి పెయింటరు ఇంకా అక్షరాలు దిద్దుకుంటున్నాడు. అక్క బడి మానేసి లాండ్రీలో చేరింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ ఆవిరి మధ్య జీవితం గడిపేసింది. తమ్ముడికి పని నేర్పించింది, పెళ్ళి చేసింది. తను చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అడిగినా, "నాకేం, బాగానే ఉన్నా" అనే జవాబు వచ్చేది. ఆ మాట ఆమెకి ఊతపదం. ఒళ్ళు కాలిపోయే జ్వరంలోనూ అదే, కాలి మీద ఇస్త్రీపెట్టె పడ్డరోజునా అదే. లాండ్రీ ఆమెకి ఉబ్బసం అంటగట్టి ఇంటికి పంపినప్పుడు కూడా అదే అంది.

అక్క ఊరి అవతలి కొసన మూడో అంతస్తులో అద్దెగదిలో ఉండేది. లిఫ్టు లేని ఇల్లు. ఏడాది కిందట వానల్లో మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గాని, ఇక మెట్లు ఎక్కడం దిగడం మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆస్పత్రి నుంచి తెచ్చి ఎక్కించిన మనిషి ఎక్కించిన చోటే ఉండిపోయింది. తమ్ముడు వారం వారం కూరలూ మందులూ మోసుకెళ్ళేవాడు. ఆమె కిటికీలోంచి ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకును చూస్తూ కూర్చుని ఉండేది. ఎలా ఉన్నావక్కా అంటే ఏమనేదో చెప్పక్కర్లేదు.

మా ఇంటికి వచ్చెయ్యమని ఆయన అడగని వారం లేదు. ఆమె ఒప్పుకోలేదు. ఒకరింట్లో, అది తమ్ముడి ఇల్లే అయినా సరే, వాళ్ళు లేచే వేళకి లేస్తూ, వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు నిద్ర నటిస్తూ ఒదిగి బతకడం తన వల్ల కాదంది. చివరికి తమ్ముడి పోరు పడలేక ఒక మెట్టు దిగింది.

"నా తలుపు నాకుండాలి. తాళంచెవి నా దగ్గరుండాలి. అలాంటి చోటేదైనా ఉంటే చెప్పు, వస్తా."

సందువైపు తలుపున్న సెల్లారు ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి తిరిగొచ్చే బస్సులోనే మంచం ఎటు వెయ్యాలో కూడా అనుకున్నాడు.

పని మొదలైంది. నిచ్చెనలు పక్కింటి షెడ్డులోకి మారాయి. పాత తలుపుల్ని పాతసామాన్లవాడు పట్టుకుపోతుంటే ఆయన చూడలేక మొహం తిప్పుకున్నాడు. నేల మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, దాని మీద వడ్రంగి చెక్క పలకలు బిగించాడు. ఓ మూల స్నానాలగది లేచింది. తలుపు పక్కనున్న చిన్న కిటికీ పెద్దదయింది. ఎలక్ట్రీషియను లైట్లు పెట్టి, ఇది సెల్లారంటే ఎవరూ నమ్మరని మెచ్చుకుని వెళ్ళాడు. గోడలు మాత్రం పెయింటరు ఎవరి చేతా ముట్టనివ్వలేదు. మూడు గోడలు చెప్పిన మాట విన్నాయి. నాలుగోది మట్టివైపు గోడ. పాత పూత గీకితే లోపల ఇటుక నల్లగా ఉంది, అరచెయ్యి ఆనిస్తే తడి తగిలింది.

సిమెంటు దుకాణదారు ముందే హెచ్చరించాడు. నీళ్ళు బయటి నుంచి వస్తున్నాయా, లేక గదిలో గాలే చల్లటి గోడకి తగిలి చెమట పోస్తోందా, ఆ సంగతి తేల్చుకోకుండా డబ్బా మూత తీయొద్దన్నాడు. తేల్చుకునే చిట్కా కూడా చెప్పాడు. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి నాలుగువైపులా టేపుతో అంటించి వదిలెయ్యాలి. రెండు రోజులాగి చూస్తే, గదివైపు తడి ఉంటే తప్పు గాలిది, గాలి ఆడేలా చూసుకుంటే చాలు. గోడవైపు చుక్కలు పడితే తప్పు గోడ అవతలిది, బయట తవ్వక తప్పదు. పెయింటరుకు ఒళ్ళు మండింది. బుద్ధెరిగిన నాటి నుంచీ గోడలతో కాపురం చేస్తున్నవాడికి ఒక ప్లాస్టిక్ ముక్క పాఠం చెప్పాలా? చెమ్మను ఆపుతుందని డబ్బా మీద రాసి ఉన్న రంగు కొనుక్కొచ్చి, మట్టివైపు గోడకి ఒకటికి మూడుసార్లు దట్టంగా పట్టించాడు. దాని మీద లప్పం, లప్పం మీద మిగతా మూడింటికీ వేసిన మీగడ రంగు. నాలుగు గోడలూ ఒక తల్లి బిడ్డల్లా తయారయ్యాయి.

అయితే మేకులు కొనడానికి ఆవిడ ఆ సిమెంటు దుకాణానికే వెళ్ళినప్పుడు దుకాణదారు ఆ చిట్కా ఆవిడకీ చెప్పాడు. ఆవిడ విని ఊరుకునే రకం కాదు. ప్లాస్టిక్ ముక్క తెచ్చి మట్టివైపు గోడకి అంటించి, ఎల్లుండి చూద్దాం అంది. వదిన అసలే ఉబ్బసం మనిషి అని కూడా అంది.

ఆ ఎల్లుండి పొద్దున్నే, ఆవిడ స్నానానికి వెళ్ళిన సమయం చూసి ఆయన కిందకి దిగాడు. ప్లాస్టిక్ వెనక, గోడవైపు, నీటి చుక్కలు. వేలితో పైనుంచి నొక్కితే ఒకదానితో ఒకటి కలిసి కిందకి జారాయి. ఆయన ఒకసారి మెట్లవైపు చూశాడు. తర్వాత టేపు ఒక పక్క ఊడదీసి, భుజం మీది తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, మళ్ళీ అంటించేశాడు. ఎందుకలా చేశావని నిలదీస్తే ఆయన దగ్గర జవాబు లేకపోలేదు. కొత్త పూత కదా, లోపలి తడి తేరుకోవడానికి టైము పట్టదా? ఒక్క పొద్దు చుక్కలు చూసి కంగారు పడితే ఎలా? పైగా అక్కడ అక్క పెట్టే బేడా సర్దుకుని కూర్చుంది. కాసేపటికి ఆవిడ వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని, ముక్కని దగ్గరగా చూసి, పొడిగానే ఉందే అంది. దాంతో ఆ ముక్క తీసి పారేశారు.

ఆదివారం అక్కని కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ దించారు. కింద కాలు పెట్టగానే ఆమె ముందు నేలకేసి చూసుకుంది. కొత్త గదిలోకి చేతికర్రతో తనే నడిచి వచ్చి, మంచం, బీరువా, నాలుగు గోడలు, అన్నీ తీరిగ్గా చూసింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు తమ్ముడు. "బాగుందిరా" అంది. ఊరంతా ఆయన పనిని మెచ్చుకుంటుంది గాని, ఆ ఒక్క మాటకి ఆయన అక్కడ నిలవలేకపోయాడు. పని ఉందంటూ బయటికి వెళ్ళి సందు చివరి దాకా నడిచి వచ్చాడు.

మర్నాటి నుంచే అక్క తలుపు తెరుచుకుని గుమ్మంలో కుర్చీ వేసుకోవడం మొదలుపెట్టింది. సందులో వచ్చేపోయేవాళ్ళంతా వారం తిరక్కుండా చుట్టాలైపోయారు. చెప్పులు కుట్టేవాడి మోకాలినొప్పి, పాలవాడి కూతురి పరీక్షలు, ఎదురింటి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టింది, అన్నీ ఆమెకే ముందు తెలిసేవి. తమ్ముడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. నీళ్ళ ట్యాంకు తప్ప మరొకటి ఎరగని మనిషికి సందంతా కాలక్షేపమైందని పనికెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకున్నాడు. ఆవిడ మాత్రం ఒకరోజు అన్నం వడ్డిస్తూ, వదిన మాట మధ్యలో ఆగుతోందనీ, చిన్న సంగతి చెప్పడానికి కూడా రెండుసార్లు ఊపిరి తీసుకుంటోందనీ అంది. వయసు కదా అని ఆయన కొట్టిపారేశాడు. ఆయన తినడం అయ్యేదాకా ఆవిడ ఆయన మొహం మీంచి చూపు తిప్పలేదు.

వానలు ముదిరాయి. మట్టివైపు గోడ మీద, ఓ మూలకి, పసుపురంగు నీడలాంటిది కనపడింది. అక్క గుమ్మంలో ఉండగా ఆయన చిన్న డబ్బా, బ్రష్షు తెచ్చి దాన్ని మాయం చేశాడు. ఏదో గీత పడిందక్కా, సరిచేస్తున్నా అన్నాడు. సరేలే అంది ఆమె. కొన్నాళ్ళకి అది పక్కకి జరిగి మళ్ళీ తేలింది. ఈసారి బీరువాని దాని ముందుకి జరిపి, ఇక్కడైతే నీకు అందుబాటుగా ఉంటుందన్నాడు. నిజమే, బాగుంది అంది. ఊళ్ళోవాళ్ళ గోడలకి చేసే పనే అక్క గోడకీ చేస్తున్నానన్న ఎరుక ఆయనకి లేదా అంటే, ఉంది. నిచ్చెన మీద ఉండగా గుర్తొచ్చి, వేసిన చోటే మళ్ళీ రంగు వేసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో నవ్వుతూ కూర్చున్న మనిషిని చూడగానే, మునిగిపోయిందేమీ లేదులే అనిపించేది. అలా రోజులు దొర్లించుకుంటూ వచ్చాడు.

ఒకరోజు దూరపు పని పడి తెలతెలవారుతుండగానే బయలుదేరి, సందువైపు నుంచి వెళ్ళాడు. సన్నగా జల్లు పడుతోంది. అక్క తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె గుమ్మంలో కుర్చీలో, తల ఒక పక్కకి వాలిపోయి, నిద్రపోతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి ఈల వినపడుతోంది. ఇంత చలిలో శాలువా అయినా కప్పుకోలేదేమని, అది తెచ్చి కప్పుదామని ఆయన లోపలికి వెళ్ళాడు. పక్క నలగలేదు. శాలువా మంచం వెనక మట్టివైపు గోడకి, రెండు మేకుల మధ్య, పరదాలా కట్టి ఉంది. విప్పాడు. వెనక గోడ మంచం పొడుగునా నల్లబడిపోయి ఉంది. రంగు బొబ్బలెక్కింది. చెయ్యి తగలగానే అట్టలా ఊడి చేతిలోకి వచ్చింది. శాలువా అంతా తడిసి బూజు వాసన కొడుతోంది.

వెనక్కి తిరిగేసరికి అక్క కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది.

"ఎప్పటి నుంచక్కా?"

"వచ్చిన మర్నాటి నుంచీ. పడుకుంటే ఊపిరాడట్లేదురా. ఇక్కడ కూర్చుంటే పర్లేదు."

"మరి చెప్పవేం?"

"అంత ఇష్టపడి వేశావు. బాగాలేదంటే నీ మొహం ఎలా అయిపోతుందో నాకు తెలుసు." ఆగి, ఊపిరి తీసుకుంది. "శాలువా కడితే నీ కంట పడదనుకున్నా."

ఆయన చేతిలో రంగు పెచ్చు ఇంకా అలాగే ఉంది. "నాకు ముందే తెలుసక్కా" అన్నాడు. "నువ్వు రాకముందే తెలుసు. నీళ్ళు పడితే తువ్వాలు పెట్టి తుడిచేశాను."

మాటలు విని ఆవిడ లోపలి మెట్లు దిగి వచ్చింది. తువ్వాలు సంగతి ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ఆయనకేసి ఒక చూపు చూసింది. ఆ చూపుని ఆయన చాలా కాలం మరిచిపోలేదు.

"ఇద్దరూ ఇద్దరే" అంది చివరికి. "ముందు వదినని పైకి చేర్చండి. మిగతాది తర్వాత చూసుకుందాం."

ఎలక్ట్రీషియన్ని సాయం పిలిచి అక్కని కుర్చీతో సహా పైకి మోశారు. డాక్టరు వచ్చి చూసి మందులు రాసి, ఇంకొన్నాళ్ళు ఆ గదిలోనే ఉంచి ఉంటే ఈమెని మోసుకెళ్ళాల్సింది ఆస్పత్రికే అని చెప్పి వెళ్ళాడు. హాల్లో మంచం వేశారు. ఊపిరి కుదుటపడ్డాక అక్క తన నిర్ణయం చెప్పింది. ఊరి చివర వయసు మళ్ళినవాళ్ళ కోసం ఒక వసతి గృహం ఉందట. చెప్పులు కుట్టేవాడి చేత ఆరా తీయించిందట. వానాకాలం వెళ్ళాక అక్కడ ఒక మంచం ఖాళీ అవుతుందట.

"నీ తప్పేం లేదురా. ఆ గది నాకు పడలేదు, అంతే. ఇక్కడ మీ మధ్య ఇలా ఉండలేను."

పెయింటరు అక్క మాటకి ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగడు. ఇప్పుడూ చెప్పలేదు. వానలు పోయాక గదిని మళ్ళీ ఒకసారి చూసి తేల్చుకోమని మాత్రం బతిమాలాడు. ఈలోగా గది ఆరకపోతే అక్క వెళ్ళిపోతుంది. వెళ్ళిన చోట ఎలా ఉన్నా, చూడబోయినప్పుడల్లా బాగానే ఉన్నా అంటుంది. అది నిజమో కాదో ఇక తనకి తెలిసే దారే ఉండదు. అది తలుచుకుంటే ఆయనకి నిజంగా భయమేసింది. ఆ సంగతి ఆవిడతో చెప్పుకున్నాడు. భయమేస్తోందని ఆయన ఆవిడ దగ్గర అనడం అదే మొదటిసారి. ఆవిడ తువ్వాలు సంగతి ఆ తర్వాత ఎత్తలేదు.

మర్నాడు వాన జోరందుకుంది. వాన పడితే పెయింటరుకు సెలవు. ఇన్నేళ్ళుగా ఆయన ఆ సెలవుని ఇంట్లో ముసుగు పెట్టి గడిపాడు గాని, తన ఇంటి మీద పడ్డ వాన ఎటు పోతుందో ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రోజు గొడుగైనా లేకుండా వెళ్ళి ముంగిట్లో నిలబడ్డాడు. పై వీధిలో పోయేవాళ్ళు ఆయనకేదో అయిందనుకున్నారు. ఆ ముంగిలికి సిమెంటు పోసింది ఆయనే, ఇల్లు కొన్న కొత్తలో. ఎంత నున్నగా వచ్చిందో అని చాన్నాళ్ళు మురిసిపోయాడు. నున్నగా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాడు, వాలు ఎటుందో చూసుకోలేదు. ఇప్పుడు పడుతున్న వానంతా, చూరు నీళ్ళతో సహా, నింపాదిగా ఇంటివైపుకే నడిచి వస్తోంది. గోడ మొదట్లో సన్నటి బీట ఉంది. నీళ్ళు అక్కడ నిలవకుండా సుడి తిరిగి లోపలికి పోతున్నాయి. ఆయన తడిసి ముద్దయ్యేదాకా నిలబడి చూశాడు.

వాన తెరిపిచ్చిన రోజున గడ్డపార తీసుకుని ఆ సిమెంటుని తనే పగలగొట్టాడు. మేస్త్రీ వచ్చి, ఒక్కసారిగా తవ్వితే గోడే వచ్చి మన మీద పడుతుందని, కొంచెం కొంచెంగా, పునాది దాకా మనిషి లోతు తవ్వించాడు. కట్టిన నాటి నుంచీ వెలుగు చూడని గోడ బయటపడింది. దాన్ని కడిగి, సిమెంటు పూసి, తారు పట్టించారు. అడుగున చిల్లుల పైపు వేసి, దాని కొసని ఇంటి పక్కగా కింది సందు కాలువలోకి తిప్పి, పైన కంకర నింపారు. కొత్తగా పోసిన ముంగిలిని ఈసారి ఆయన నీళ్ళు గుమ్మరించి చూసుకున్నాడు. ఇంటివైపు ఒక్క బొట్టు రాలేదు.

బయటి పని మేస్త్రీది. లోపలి పని మాత్రం ఆయనదే. తన చేత్తో వేసిన మీగడ రంగు, లప్పం, మూడు పూతల చెమ్మ రంగు, అన్నీ ఉలీ సుత్తీ పట్టుకుని తనే ఊడగొట్టాడు. మట్టివైపు గోడ ఇటుకలతో బయటపడింది. ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు, ఆరేదాకా ఆగడమే. ఇది ఆయనకి బొత్తిగా చేతకాని పని. పొడిగా ఉన్నరోజున కిటికీ తెరిచి ఫ్యాను పెట్టేవాడు. ముసురు పట్టిన రోజున కిటికీ మూసి, గాలిలో తడి లాగే మిషను నడిపేవాడు. మిషను తొట్టి నిండిన ప్రతిసారీ కాలువలో పారబోసి వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించేవాడు. సందులోవాళ్ళు తొంగిచూసి పోయేవాళ్ళు. పెయింటరు ఇంట్లో రంగులేని గోడ అంటే ఊరికి వేడుక కాదా? చెప్పులు కుట్టేవాడు ఒక్కడే, దానికేముందిలే, నా కాళ్ళకేసి చూడు అని తన తెగిన చెప్పులు చూపించి ఓదార్చాడు.

పైన ఇద్దరాడవాళ్ళకీ బాగానే పొత్తు కుదిరింది, ఒక్క విషయంలో తప్ప. వదిన నోటి నుంచి ఒక్క నిజమైనా రప్పించాలని ఆవిడ పంతం పట్టింది. ఒకరోజు కావాలనే కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మొదటి ముద్దకే ఆయన మంచినీళ్ళ చెంబు కోసం తడుముకున్నాడు. అక్క కంచం ఖాళీ చేసి, బాగుందమ్మాయ్ అంది. ఆవిడ నెత్తి కొట్టుకుంది. ఇలాంటి మనిషికి గది పడిందో లేదో ఎలా తెలుసుకోవాలని మొగుడూ పెళ్ళాలు వంటింట్లో గుసగుసలాడుకున్నారు. గోడ ఆరిన సంగతి గోడని చూస్తే తెలిసిపోతుంది. అక్క సంగతి అలా తెలిసేది కాదు.

వానలు వెనకబట్టాయి. ఈసారి ప్లాస్టిక్ ముక్కని ఆయనే అంటించి, తీసి చూడడం ఆవిడకి అప్పజెప్పాడు. గోడవైపు చుక్క లేదు. ఇంకోచోట అంటించారు. అక్కడా లేదు. గోడకి పలచగా సున్నం పూసి, దాని మీద ఏ రంగూ వెయ్యకుండా వదిలేశాడు. అక్కని దించి తీసుకొచ్చారు. ఆమె కర్ర ఆనించుకుని నాలుగు గోడలూ చూసి, బాగుందిరా అంది. క్రితంసారి ఆ మాటకి సందు చివరి దాకా నడిచి వచ్చిన మనిషి ఈసారి దాన్ని నమ్మలేకపోయాడు.

వసతి గృహంలో మంచం ఖాళీ అయిందని కబురు వచ్చింది. కొన్నాళ్ళాగి చెబుతానని అక్క తిరుగు కబురు పంపింది. అప్పటి నుంచి పెయింటరుకు మనశ్శాంతి లేదు. రోజూ పనికి వెళ్తూ, ఎలా ఉందక్కా అని ఆయన అడగడం, బాగుందిరా అని ఆమె అనడం. తలుపు మూసి ఉంటే సంతోషించాలా, లేక తమ్ముడు వచ్చే వేళయిందని మూసిందా? పక్క నలిగి ఉంటే పడుకున్నట్టా, చేత్తో నలిపినట్టా? ఈల వినపడుతుందేమోనని ఆయన చెవి ఒగ్గితే, అది కనిపెట్టి ఆమె ఊపిరి బిగబట్టేది. ఆయన పని మీద ధ్యాస లేక ఒకరింటి వంటగదికి వెయ్యాల్సిన రంగు పడగ్గదికి వేసి, మాటపడి వచ్చాడు. ఆవిడ ధైర్యం చెప్పాలని చూసింది గాని, చెప్పడానికి ఆవిడ దగ్గర మాత్రం ఏముంది?

అలా కొన్నాళ్ళు గడిచాక ఒక పొద్దున, ఆయన పనిసంచి సర్దుకుంటుండగా, కింద నుంచి కర్రతో కప్పుని గట్టిగా పొడిచిన చప్పుడైంది. ఎన్నడూ ఎవరినీ పిలవని మనిషి. ఆయన సంచి అక్కడే పడేసి పరుగున మెట్లు దిగాడు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు రేగిపోయి ఉంది, చెంప మీద దిండు ముడత అచ్చు పడి ఉంది.

"ఒరే, ఆ కిటికీ రెక్క చూడు. గాలొస్తే చాలు, టపటపా కొట్టుకుని చస్తోంది, బంగారంలాంటి నిద్ర పాడుచేసింది. ఆ స్విచ్చేంటి అంత ఎత్తున పెట్టించావు, నేనేం తాటిచెట్టునా? ఈ సున్నం గోడ సరే. మిగతా మూడింటికీ ఏం రంగురా అది? ఎటు చూసినా లాండ్రీ దుప్పట్ల మధ్య ఉన్నట్టుంది. మొదట్నుంచీ నచ్చలేదు నాకు. ఆదివారం ఏ పనీ ఒప్పుకోకుండా నీలం వెయ్యి."

ఇంత మాటా ఎక్కడా ఆగకుండా అంది. ఆయన తలూపి, మెట్లెక్కి పైకి వచ్చాడు. ఆవిడ కంగారుగా వంటింట్లోంచి ఎదురొచ్చింది.

"వదినకి ఎలా ఉంది?"

"గది నచ్చలేదట."

ఆవిడ మొహం పాలిపోయింది. "అయితే వెళ్ళిపోతానందా?"

"లేదు" అన్నాడు పెయింటరు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకోలేదు. "రంగు మార్చమంది."